తాడు బుట్ట: ఇంట్లో కుట్టుకుంటే చవకా, కొనుక్కుంటే చవకా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంట్లోకి మూడు తాడు బుట్టలు కావాలి. బల్ల మీద తాళాలు, చిల్లర సామాను పడేయడానికి చిన్నది ఒకటి. అల్మారా అరలో సరిగ్గా పట్టేది ఒకటి. విడిచిన బట్టలు వేయడానికి పెద్దది ఒకటి. ఇంట్లో కుట్టుమిషన్ ఉంది కానీ బుట్ట ఎప్పుడూ కుట్టలేదు. షాపులో ధరలు చూసి గుండె గుభేల్మంది, మనమే కుట్టుకుంటే ఎంతో కొంత మిగులుతుందా అని.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. చిన్నది కుట్టుకోండి, పెద్దది కొనుక్కోండి. అరలోకి కావాల్సినదాన్ని ముందు షాపుల్లో వెతకండి. మీ కొలతకు దగ్గరగా దొరికితే కొనడమే మేలు, దొరక్కపోతే కుట్టుకోవడమే దారి. మూడూ ఇంట్లోనే కుడితే మొత్తం మీద మిగిలేది ఏమీ ఉండదు, చేతి నుంచి పడే అవకాశమే ఎక్కువ. సొంతంగా చేసుకున్నది ఎప్పుడూ చవకే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు. కానీ చాలాకాలంగా ఈ బుట్టలు కుడుతూ, అప్పుడప్పుడూ అమ్ముతూ నేను చూసింది ఇదే.

లెక్క ఎక్కడ తప్పుతుందంటే, తాడు దగ్గర. బుట్టను చూసి 'ఓ పది మీటర్లు పడుతుందేమో' అనుకుంటారు. నిజానికి ఈ బుట్ట అంటే తాడును చుట్టలు చుట్టలుగా పక్కపక్కనే పేర్చి, ఒక్కో వరుసనూ ముందు వరుసకు కలిపి కుట్టిన వస్తువు. ఎంత వైశాల్యం ఉంటే అంత తాడు కావాలి. అన్ని కొలతలూ రెండింతలు చేస్తే తాడు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

కాగితం మీద వేసుకోవడం తేలికే. అన్నీ సెంటీమీటర్లలో తీసుకోండి. అడుగు భాగానికి: వ్యాసార్థాన్ని వ్యాసార్థంతో గుణించి, దాన్ని 3.14తో గుణించి, తాడు మందంతో భాగించాలి. పక్కలకు: చుట్టుకొలతను ఎత్తుతో గుణించి, తాడు మందంతో భాగించాలి. రెండూ కలిపి 100తో భాగిస్తే మీటర్లు వస్తాయి. మొదట్లో, చివర్లో పోయే ముక్కలకూ, నొక్కుకుపోయి వరుసలు కాస్త సన్నబడటానికీ పది శాతం అదనంగా వేసుకోండి.

6 మిల్లీమీటర్ల తాడుతో మీ బుట్టల లెక్క ఇలా ఉంటుంది. అడుగు వ్యాసం 12 సెంటీమీటర్లు, ఎత్తు 7 సెంటీమీటర్లు ఉన్న చిన్న బుట్టకు 6 మీటర్ల పైచిలుకు పడుతుంది, 7 మీటర్లు కొనాలి. అడుగు 20, ఎత్తు 15 ఉన్నదానికి 21 మీటర్లు, అంటే 23 కొనాలి. ఇక బట్టల బుట్ట. అడుగు 40, ఎత్తు 50 సెంటీమీటర్లు అనుకుందాం. దానికి 126 మీటర్లు. అదనం కలిపితే 140కి దగ్గర. చిన్న బుట్టకు పట్టినదానికి సరిగ్గా ఇరవై రెట్లు!

షాపులో పెద్ద బుట్ట ధర చిన్నదానికి ఇరవై రెట్లు ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వాళ్లు తాడు టోకున కొంటారు, మనం చిల్లరగా కొంటాం. చిన్న బుట్టలో ఆ తేడా పెద్దగా కనపడదు, ఎందుకంటే అందులో తాడే తక్కువ. షాపు ధరలో ఎక్కువ భాగం మజూరీ, రవాణా, దుకాణం అద్దె, లాభం. ఆ భాగాన్ని మీరు ఇంట్లో కూర్చుని మిగుల్చుకుంటారు. పెద్ద బుట్టకు వచ్చేసరికి తాడే ఖర్చంతా. అక్కడ మీరు చిల్లర ధర పెట్టి వాళ్ల టోకు ధరతో పోటీ పడుతున్నట్టు.

నేను పాటించే కొలమానం ఒకటి చెప్తాను. తాడు ఖర్చు ఒక్కటే షాపు బుట్ట ధరలో సగం దాటితే, డబ్బు మిగుల్చుకోవడం కోసమని కుట్టొద్దు. సరదాకో, ప్రత్యేకమైన కొలత కోసమో అయితే అది వేరే మాట.

తాడు మందం గురించి ఒక మాట. 'మందంగా ఉన్న తాడు తీసుకుంటే తక్కువ పడుతుంది కదా' అంటారు. పొడవు తగ్గుతుంది, నిజమే. పైన చెప్పిన బట్టల బుట్టకే 10 మిల్లీమీటర్ల తాడు వాడితే 126 మీటర్ల బదులు 75 సరిపోతుంది. కానీ మొత్తం బరువు మాత్రం పెరుగుతుంది, సుమారు 1.7 రెట్లు అవుతుంది. తాడును కొందరు మీటర్ల లెక్కన, కొందరు తూకం లెక్కన అమ్ముతారు. మీటర్ల లెక్కైతే రెండు మందాలకూ మొత్తం ఖర్చు విడివిడిగా వేసి చూడండి. తూకమైతే సన్న తాడే చవక, అందులో అనుమానం లేదు. అయితే సన్న తాడుకు వరుసలు ఎక్కువ, కుట్టు ఎక్కువ, దారం ఎక్కువ, టైమ్ ఎక్కువ. పైగా ఇంట్లో వాడే మామూలు మిషన్ పాదం (సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే భాగం) కిందకి 10 మిల్లీమీటర్ల తాడు సరిగ్గా దూరదు. మొదటిసారి కుట్టేవాళ్లకు 5, 6 మిల్లీమీటర్లే అనుకూలం.

తాడులో రకం కూడా చూడాలి. జడలా అల్లిన కాటన్ తాడు అన్నింటికంటే మంచిది, సూది తేలిగ్గా దిగుతుంది, కోసినచోట గబుక్కున విడిపోదు. పురి పెట్టి పేనిన తాడు చవకగా దొరుకుతుంది కానీ చుట్టేటప్పుడు పురి విడిపోతూ, తిరగబడుతూ విసిగిస్తుంది. లోపల సింథటిక్ పోగులుండి పైన కాటన్ అల్లిక ఉన్నవి గట్టిగా నిలబడతాయి, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. బట్టలారేసుకునే తాడు పేరుతో అమ్మేది కొన్నిసార్లు ఇదే. అదే తాడును చేతిపనుల సామాన్లలో పెట్టి అమ్మితే ధర ఎక్కువ ఉండటం మామూలే, కాబట్టి ముందు ఇంటి సామాన్ల వైపు వెతకండి. జనపనార తాడు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ కుట్టేటప్పుడు మిషన్ నిండా నార పొడి రాలుతుంది, తడిస్తే ఒక పట్టాన ఆరదు, వాసన పడుతుంది. జనపనార బుట్టే కావాలంటే కొనుక్కోండి.

ఇప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చులు. మొదటిది దారం. ఈ బుట్టలకు వేసే జిగ్‌జాగ్ కుట్టు దారాన్ని మింగేస్తుంది. సూది అటూ ఇటూ ఊగుతూ తాడు మందమంతా దిగి పైకి రావాలి కదా, ఒక మీటరు కుట్టుకు పైదారం, బాబిన్ (కింది దారం చుట్టి పెట్టే చిన్న చక్రం) దారం కలిపి సుమారు 8 నుంచి 10 మీటర్లు పోతుంది. అంటే 21 మీటర్ల తాడు పట్టే మధ్యరకం బుట్టకు ఇంచుమించు 200 మీటర్ల దారం. ఇంట్లో ఉన్న చిన్న రీలుతో మొదలుపెడితే బుట్ట సగంలో ఆగుతుంది, అప్పుడు అదే రంగు మళ్లీ దొరక్క తంటా. బాబిన్ రెండుసార్లయినా మార్చాల్సి వస్తుంది, ముందే మూడు చుట్టి పెట్టుకోండి. దారం పాలియెస్టర్‌దే తీసుకోండి, తాడు రాపిడికి పాత కాటన్ దారం పుటుక్కున తెగుతుంది.

రెండోది సూది. మామూలు బ్లౌజులు కుట్టే సూదితో తాడు మీదకి వెళ్తే అది వంగడమో విరగడమో ఖాయం. జీన్స్ గుడ్డకు వాడే 90/14 గానీ 100/16 గానీ తీసుకోండి. మొద్దుబారిన సూది టప్ టప్‌మని చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు మొదలైతే మార్చేయాలి. పెద్ద బుట్టకు ఒక సూది అరిగిపోయినట్టే లెక్క.

మూడోది మిషన్. మీ మిషన్‌లో జిగ్‌జాగ్ ఉందో లేదో ముందు చూసుకోండి, తాడు కొన్నాక కాదు. ఇళ్లలో ఉండే పాత మిషన్లలో చాలావాటికి నేరుగా పడే కుట్టు ఒక్కటే ఉంటుంది. దాంతో ఈ బుట్ట కుట్టలేరు, ఎందుకంటే సూది ఒకసారి ఈ తాడు మీద, ఇంకోసారి పక్క తాడు మీద పడితేనే రెండూ కలుస్తాయి. మీది అలాంటిదే అయితే మిగిలిన దారి చేతికుట్టు. బుట్టల కోసమని కొత్త మిషన్ కొనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, ఆ ఖర్చు రాబట్టాలంటే ఇంటినిండా బుట్టలే ఉండాలి.

ఇక టైమ్. దాన్ని డబ్బుల్లో లెక్కగట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెయ్యి తిరిగినవాళ్లకు చిన్న బుట్ట అరగంట, ముప్పావుగంట పని. మీకు మొదటిసారి కాబట్టి రెండు గంటలు అనుకోండి. మధ్యరకానికి ఒక పూట పెట్టుకోండి. చేతికుట్టు అయితే కథ వేరు. సెంటీమీటరుకు ఒక కుట్టు చొప్పున వేసినా 21 మీటర్లకు 2,000 కుట్లు దాటతాయి. టీవీ చూస్తూ, కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా చేసేవాళ్లకు బాగుంటుంది. చవకగా వస్తుందని మొదలుపెట్టినవాళ్లకు మాత్రం మధ్యలో విసుగొస్తుంది. అమ్మడానికి కుట్టేవాళ్లు ఈ గంటలకు కూలి కట్టుకుని చూస్తే అసలు రంగు బయటపడుతుంది. తాడు ధర మీద కొంత కలిపి అమ్మితే గిట్టుబాటు కాదు. 'చేతితో చేసినది' అని బయట ఎక్కువ ధరకు అమ్ముతున్నారంటే అందులో అన్యాయమేమీ లేదు, ఆ గంటలకే ఆ డబ్బు. ఆ మాటకొస్తే షాపులో చవకగా దొరికే కుట్టిన బుట్టల వెనకా సాధారణంగా మిషన్ ముందు కూర్చుని తిప్పిన మనిషి ఒకరు ఉంటారు. వాళ్లకు ముట్టే కూలి తక్కువ, అంతే.

గ్లూగన్‌తో, అంటే జిగురు కడ్డీని కరిగించి వదిలే పరికరంతో అతికిస్తే మిషన్ అక్కర్లేదు, గంటలో అయిపోతుంది అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. ఎండ తగిలే కిటికీ దగ్గరో, వేడెక్కిన కారులోనో పెడితే జిగురు మెత్తబడి వరుసలు ఊడతాయి. పైగా జిగురు కడ్డీలు కూడా ఊరికే రావు. అలంకారానికి ఒక మూల పెట్టుకునేదైతే సరే. తాడు మీద క్రోషా అల్లే పద్ధతీ ఉంది, అందంగా ఉంటుంది, కానీ తాడుకు తోడు నూలు ఖర్చు కూడా పడుతుంది కాబట్టి చవక అనే మాటే లేదు.

అరలో పెట్టే బుట్ట దగ్గరకు వద్దాం. ఇంట్లో కుట్టడం నిజంగా గెలిచేది ఇక్కడే. తెలిసినావిడ ఒకరికి 36 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు ఉన్నది కావాల్సి వచ్చింది. షాపుల్లో దొరికినవి అయితే గుండ్రంగా ఉన్నాయి, లేదంటే అరలో అటూ ఇటూ బోలెడంత ఖాళీ మిగిల్చేలా ఉన్నాయి. కోడిగుడ్డు ఆకారంలో కుట్టుకున్నాం. దానికి చిట్కా ఏంటంటే, పొడవులోంచి వెడల్పు తీసేయాలి. 36లోంచి 20 పోతే 16. తాడు కొసను 16 సెంటీమీటర్ల దగ్గర వెనక్కి మడిచి, ఆ తిన్నని ముక్క చుట్టూనే తిప్పుకుంటూ పోతే చివరికి మీకు కావాల్సిన పొడవు, వెడల్పు సరిగ్గా వస్తాయి. దానికి తాడు లెక్క 34 మీటర్లు వచ్చింది, 38 తీసుకున్నాం. తాడు, దారం, సూదులు కలిపితే షాపులో అదే పరిమాణం ఉన్న బుట్టకంటే తక్కువేమీ కాలేదు, దాదాపు సమానమే. కానీ ఆ అరకు పట్టే బుట్ట షాపులో ఏ ధరకూ దొరకలేదు. మీరు కొలత తీసుకునేటప్పుడు అర లోపలి కొలతకంటే రెండు వైపులా సెంటీమీటరు చొప్పున తగ్గించుకోండి. సామాను నింపాక పక్కలు కాస్త ఉబ్బుతాయి.

మీరు అనుభవం లేదన్నారు కాబట్టి మొదట చిన్నదే కుట్టండి. మొదటి రెండు మూడు చుట్లే కష్టం. తాడు కొసను నత్తగుల్లలా బిగుతుగా చుట్టి, మధ్యలో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కుట్టేయండి, ఇక అది విడిపోదు. తర్వాత సూదిని కిందకి దింపి ఉంచి, పాదం ఎత్తి, కొంచెం తిప్పి, రెండు మూడు కుట్లు వేసి మళ్లీ తిప్పాలి. బుట్ట ఎప్పుడూ సూదికి ఎడమవైపే పెరగాలి, కుడివైపు మిషన్ మెడ అడ్డం ఉంటుంది. తాడును లాగి పట్టుకోకండి. లాగితే అడుగు గిన్నెలా ముడుచుకుంటుంది, తోస్తే అంచులు అలల్లా లేస్తాయి. దానంతట అది జారేలా వదిలేయాలి. అడుగు కావాల్సినంత అయ్యాక దాన్ని పైకెత్తి మిషన్ పక్కకు ఆనించి పట్టుకుంటే పక్కలు లేవడం మొదలవుతుంది. నిట్టనిలువుగా పట్టుకుంటే గోడలు తిన్నగా వస్తాయి, ఏటవాలుగా పట్టుకుంటే వెడల్పాటి గిన్నె వస్తుంది. బట్టల బుట్ట అంత పెద్దదైతే ఆ బరువంతా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని తిప్పాలి. పెద్దది కొనమనడానికి అదీ ఒక కారణం. బాబిన్ మార్చిన ప్రతిసారీ అక్కడ పేరుకున్న నూలు పొడిని కుంచెతో దులిపేయండి, లేకపోతే మిషన్ మరమ్మతు ఖర్చు కూడా బుట్ట ఖాతాలోకే వస్తుంది.

తాడు చుట్ట మొత్తం కొంటే మీటరుకు తక్కువ పడుతుంది. చిన్న బుట్టకే చుట్ట కొంటే మాత్రం ఆదా అంతా మిగిలిపోయిన తాడులో ఇరుక్కుంటుంది. అర కొలత, చిన్న బుట్ట కొలత రెండూ ముందే తేల్చుకుని ఒకేసారి కొనండి. పాత బట్టలారేసే తాడు ఇంట్లో ఉంటే ఉతికి ఆరబెట్టి చిన్నదానికి వాడేయండి. మరకలుంటే పాత చీర ముక్కను రెండు సెంటీమీటర్ల పీలికలుగా చించి తాడుకు ఏటవాలుగా చుట్టుకుంటూ కుడితే మరకలు కప్పేసుకుపోతాయి, రంగు కూడా వస్తుంది. ఇలా చేస్తే మీ చిన్న బుట్ట ఖర్చు దారం ఖర్చుతో సరి.

ఎంతకాలం నిలుస్తుందన్నదీ ఖర్చు కిందకే వస్తుంది. మీరు కుట్టినది ఎక్కడైనా ఊడితే అక్కడ మళ్లీ నాలుగు కుట్లు వేసుకుంటారు. కాటన్ తాడైతే చల్లటి నీళ్లలో ముంచి, లోపల తువ్వాలు కుక్కి, నీడన ఆరబెట్టొచ్చు. కొన్నది చూసి కొనకపోతే అడుగు ఊడగానే చెత్తబుట్ట పాలవుతుంది.

అందుకే పెద్దది కొనడానికి వెళ్లినప్పుడు ధర చీటీ కంటే ముందు బుట్టను బోర్లించి అడుగు చూడండి. చుట్ట మొదలైన నడిబొడ్డున జిగురు ముద్ద ఉందా, కుట్టు ఉందా? రెండు బొటనవేళ్లతో పక్కపక్క వరుసలను విడదీసినట్టు లాగి చూడండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే కుట్లు దూరదూరంగా వేశారన్నమాట, నాలుగు జతల తడి బట్టలు పడితే అక్కడే చిరుగుతుంది. పిడులు విడిగా అతికించినవైతే వదిలేయండి, గోడ వరుసల్లోని తాడునే కొంచెం వదులుగా వదిలి పిడిగా మలిచినవి గట్టిగా ఉంటాయి. అంచును వేళ్లతో కిందకి నొక్కి వదిలితే మళ్లీ లేచి నిలబడాలి. అది కుంగిపోయిందంటే, బుట్ట షాపులో నిలబడి ఉన్నది లోపల కుక్కిన కాగితాల బలంతోనే. రంగు తాడు కలిపిన బుట్ట అయితే తెల్ల రుమాలు కొస తడిపి ఆ రంగు మీద గట్టిగా రుద్దండి. మీరు వేసేది బట్టలు కదా, రుమాలుకు రంగు అంటిందంటే ఎంత చవకగా ఇస్తున్నా అది తీసుకోకండి.